నెలలో ఎన్ని రోజులు?

తలనొప్పిగా ఉందని ఎవరైనా అంటే ఇంట్లోవాళ్లు అడిగేవి రెండే: బాగా ఎక్కువగా ఉందా, బిళ్ల వేసుకున్నావా. నెలకు ఎన్నిసార్లు వస్తోందని అడిగేవాళ్లు అరుదు. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు కూడా చాలామంది కిందటి వారం వచ్చిన భరించలేని పోటు గురించే చెబుతారు గానీ మిగతా రోజుల్లో తల ఎలా ఉందో చెప్పరు. గత మూడు నాలుగు దశాబ్దాల్లో తలనొప్పి మీద జరిగిన పరిశోధనలను ఒకచోట పెట్టి చూస్తే, రోజువారీ జీవితంలో ఈ బాధను అదుపులో ఉంచుకోవడానికి అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం ఎవరూ అడగని ఆ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్నదాన్ని బట్టి ఆ పూట ఏం చేయాలో తెలుస్తుంది. నెలలో నొప్పి ఉన్న రోజులెన్ని, బిళ్ల వేసుకున్న రోజులెన్ని అన్న రెండు లెక్కలను బట్టి జబ్బు ఎటు పోతోందో, మందు ఎక్కడ ఆపాలో, ఎప్పుడు వైద్యం మార్చాలో తెలుస్తుంది.

ఈ బాధ ఎంతమందిదో ముందు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచ జనాభాలో దాదాపు 40 శాతం, అంటే 310 కోట్ల మంది, ఏదో ఒక రకం తలనొప్పి జబ్బుతో ఉన్నారు. మన పొరుగున కర్ణాటకలో, బెంగళూరు నగరంలోనూ పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి, 18 నుంచి 65 ఏళ్ల వయసున్న 2,329 మందిని అడిగి చేసిన సర్వే ఒకటి ఉంది. అంతకుముందు ఏడాదిలో తలనొప్పి వచ్చినవాళ్లు అందులో వందకు 64 మంది దాకా తేలారు. మైగ్రేన్, అంటే మనవాళ్లు పార్శ్వపు నొప్పి అనేది, నలుగురిలో ఒకరికి ఉంది. పట్నంలో కన్నా పల్లెలోనే తలనొప్పి ఎక్కువని కూడా ఆ సర్వే చెప్పింది. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల జబ్బు, ఫోన్లు చూసేవాళ్ల జబ్బు అని మనం తేలిగ్గా అనేసే మాట ఈ లెక్క ముందు నిలవదు. మధ్యాహ్నపు ఎండలో కలుపు తీసే ఆడమనిషి కొంగు తలకు బిగించి కట్టుకుని పని కానిస్తోందంటే ఆమెకు నొప్పి లేదని కాదు, కూలి పోగొట్టుకోలేదు కాబట్టి. మైగ్రేన్ మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువని దాదాపు అన్ని దేశాల సర్వేలూ చెబుతున్నాయి. నెలసరికి ముందు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోవడం దానికి ఒక కారణం. కర్ణాటక సర్వేలోనే, నెలలో 15 రోజులు గానీ అంతకుమించి గానీ తలనొప్పి ఉన్నవాళ్లు వందకు ముగ్గురు. ఈ ముగ్గురూ ఆ స్థితికి ఎలా చేరారన్నదే అసలు ప్రశ్న.

అంతర్జాతీయ తలనొప్పి సంఘం 1988లో మొదటిసారి తలనొప్పులను వర్గీకరించింది. 2018లో మూడో కూర్పు వచ్చింది. వందలకొద్దీ రకాలున్నా మామూలు మనిషికి ఎదురయ్యేవి ప్రధానంగా రెండు. తలకు రెండువైపులా పట్టీ బిగించినట్టుగా, పని మానుకోనక్కర్లేనంతగా ఉండేది టెన్షన్ తలనొప్పి. చాలాసార్లు ఒకవైపే పోటెత్తుతూ, మెట్లెక్కితే ఎక్కువవుతూ, వికారంతో, వెలుతురూ చప్పుడూ భరించలేని స్థితితో, మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండేది మైగ్రేన్. ఈ వర్గీకరణలో కూడా అసలు విభజన రేఖ రోజులే. నొప్పి నెలలో 15 రోజులు గానీ అంతకుమించి గానీ ఉండి, మూడు నెలలకు మించి అలాగే సాగితే దాన్ని దీర్ఘకాలికం అంటారు. ఆ రేఖ దాటాక వైద్యం మారుతుంది, మందులకు లొంగడం తగ్గుతుంది. అమెరికాలో జరిగిన పెద్ద సర్వేల్లో, అప్పుడప్పుడూ మైగ్రేన్ వచ్చేవాళ్లలో ఏటా వందకు ఇద్దరు ముగ్గురు ఆ రేఖ దాటుతున్నట్టు తేలింది. దాటడానికి ముందు నెలకు మూడున్న రోజులు ఆరవుతాయి, ఆరు పదవుతాయి. లెక్క రాసుకోని మనిషికి ఈ పెరుగుదల కనబడదు, ఎందుకంటే ఏ రోజు నొప్పి ఆ రోజుదిగానే అనిపిస్తుంది.

కనబడకపోవడానికి ఇంకో కారణం, ఒకే తలనొప్పికి మనం నాలుగు పేర్లు పెట్టడం. వాంతయ్యాక తగ్గితే పైత్యం అంటాం. ముక్కు దిబ్బడేసి కళ్లకింద నొప్పిగా ఉంటే సైనస్ అంటాం. పెద్దవాళ్లకైతే బీపీ అనీ, పిల్లలకైతే సైటు వచ్చిందనీ అనుకుంటాం. అమెరికాలో 2004లో వెలువడిన ఒక అధ్యయనం, సైనస్ తలనొప్పి అని తాము అనుకున్న లేదా డాక్టర్లు చెప్పిన 2,991 మందిని పరీక్షిస్తే, వాళ్లలో 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా నొప్పేనని చూపింది. మైగ్రేన్ వచ్చినప్పుడు ముఖంలోని నరాల ద్వారా ముక్కు కారడం, కళ్లు నీళ్లు తిరగడం జరుగుతాయి, దాన్ని చూసి సైనస్ అనుకుంటారు. వాంతి సంగతీ అంతే. వికారం పొట్టలో పుట్టి తలకెక్కింది కాదు, మైగ్రేన్‌లో భాగమే. రక్తపోటు విషయంలో పొరపాటు ఇంకా ప్రమాదకరం. మామూలుగా పెరిగే బీపీ ఏ లక్షణమూ చూపదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకుని మాత్రలు మానేసేవాళ్లు పక్షవాతానికి దగ్గరవుతున్నారు. ఇలా పేర్లు మారినప్పుడల్లా మనిషి కంటి డాక్టరు దగ్గరకో, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకో, గ్యాస్ మందులకో తిరుగుతాడు. రోజులు మొత్తం ఎన్నయ్యాయో ఎవరి చీటీలోనూ ఉండదు.

ఇక బిళ్లల సంగతి. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నివారించదగ్గ తలనొప్పుల్లో పెద్ద వాటా ఇక్కడుంది. తరచుగా నొప్పి మందు వేసుకుంటే ఆ మందే నొప్పిని రోజూ వచ్చేలా చేస్తుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి ఒకే మందున్న బిళ్లలైతే నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలు, ఎర్గోటమిన్, ట్రిప్టాన్లు, ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మందులైతే 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ ప్రమాదం మొదలవుతుంది. ఇక్కడ లెక్క బిళ్లలది కాదు, రోజులది. నెలలో ఒక రోజు నాలుగు బిళ్లలు మింగినవాడికన్నా, రోజూ పొద్దున అర బిళ్ల వేసుకునేవాడు ఈ గోతికి దగ్గరగా ఉంటాడు. కర్ణాటక సర్వేలో ఇలా మందు వాడకం వల్ల ముదిరినట్టు కనిపించిన తలనొప్పి వందకు ఒకరికి పైగా ఉంది. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా అడిగే రకాలు చూడండి. సారిడాన్‌లో ప్రొపిఫెనజోన్, పారాసిటమాల్, కెఫీన్ మూడూ ఉన్నాయి. మైగ్రేన్ మందుగా పేరుపడ్డ వాసోగ్రెయిన్‌లో ఎర్గోటమిన్‌తో పాటు 100 మిల్లీగ్రాముల కెఫీన్, పారాసిటమాల్, వాంతి ఆపే మందు ఉన్నాయి. రెండూ పది రోజుల కోవలోకి వచ్చేవే. ఎర్గోటమిన్ రక్తనాళాలను బిగబట్టే మందు, గుండెజబ్బు ఉన్నవాళ్లూ గర్భిణులూ తాకకూడనిది. అయినా షీటులోంచి రెండు బిళ్లలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చేటప్పుడు ఆ కాగితం మీద ఈ హెచ్చరికలేవీ ఉండవు. ఆ బిళ్ల పేరే కొనేవాళ్లకు చాలాసార్లు తెలియదు.

మందే నొప్పి తెస్తుందంటే నమ్మబుద్ధి కాదు. నొప్పి ఎక్కువైంది కాబట్టే బిళ్లలు ఎక్కువయ్యాయి గానీ బిళ్లల వల్ల నొప్పి ఎక్కువ కాలేదని వాదించేవాళ్లు వైద్యుల్లోనూ ఉన్నారు. ఆ వాదనలో కొంత నిజముంది. కీళ్లనొప్పులకు ఏళ్ల తరబడి రోజూ మాత్రలు వాడేవాళ్లలో, ముందునుంచీ తలనొప్పి తత్వం లేనివాళ్లకు ఈ జబ్బు రావడం లేదు. అంటే మందు ఒక్కటే చాలదు, లోపల మైగ్రేన్ స్వభావం ఉండాలి. కానీ ఆ స్వభావం ఉన్నవాళ్లు మందు తగ్గిస్తే ఏమవుతుందో చూసిన అధ్యయనాలు మరో దిక్కు చూపుతున్నాయి. నార్వేలో 2015లో వెలువడిన ప్రయోగంలో మామూలు కుటుంబ వైద్యులకు చిన్న శిక్షణ ఇచ్చి, రోగి ఎన్ని రోజులు మందు వాడుతున్నాడో లెక్కగట్టి చెప్పి, తగ్గించమని సలహా ఇప్పించారు. కొత్త మందేదీ ఇవ్వలేదు. మూడు నెలల్లో సుమారు సగం మందికి ఆ దీర్ఘకాలిక తలనొప్పి పోయింది. సలహా ఇవ్వని వైద్యుల దగ్గరున్నవాళ్లలో అలా బాగుపడ్డవాళ్లు చాలా తక్కువ. అధ్యయనం చిన్నదే, అరవై మందితో చేసింది. అయినా ఖర్చులేని ఒక మాటకు అంత ఫలితం రావడం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. ఆపిన మొదటి రోజుల్లో, రెండు రోజుల నుంచి పది రోజుల దాకా, నొప్పి ఎక్కువవుతుందని ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే మూడోరోజుకే మళ్లీ షాపుకు వెళతారు. ట్రమడాల్ లాంటివి, నిద్రమాత్రలు అలవాటైనవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టరు చూపులోనే ఆపాలి.

దీనికి బలమైన అభ్యంతరం మరోచోటి నుంచి వస్తుంది. రోజు కూలి మీద బతికేవాళ్లకు, పసిపిల్లలున్న తల్లికి, పరీక్షలున్న విద్యార్థికి నొప్పి ఓర్చుకో అని చెప్పడం న్యాయమా? కాదు. నొప్పి ఓర్చుకోమని చెప్పడం ఈ వాదన ఉద్దేశమూ కాదు. సరైన బిళ్ల, సరైన మోతాదులో, సరైన సమయంలో వేసుకుంటే తక్కువ రోజులతోనే సరిపోతుంది. మైగ్రేన్ ముదిరేకొద్దీ పొట్ట కదలిక మందగిస్తుంది. మింగిన బిళ్ల కరిగి రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. చూద్దాంలే అని సాయంత్రం దాకా ఆగి వేసుకున్న బిళ్ల పనిచేయకపోవడానికి, దానిమీద ఇంకో బిళ్ల వేయడానికి కారణం ఇదే. నొప్పి మొదలైన గంటలోపు, డాక్టరు చెప్పిన పూర్తి మోతాదు వేసుకోవడం, వికారం ఉన్నవాళ్లు దానితో పాటు వాంతి మందు కూడా వేసుకోవడం మేలు. సగం బిళ్ల, మళ్లీ సగం బిళ్ల అని సాగదీయడం పొదుపులా కనిపిస్తుంది గానీ రోజులను పెంచుతుంది. మామూలు బిళ్లలకు లొంగని మైగ్రేన్‌కు 1991లో వచ్చిన సుమట్రిప్టాన్ లాంటి మందులున్నాయి. గుండెజబ్బు లేనివాళ్లు డాక్టరు సలహాతో వాడుకోవచ్చు. ఇక మన ప్రాంతంలో మరచిపోకూడనివి రెండు. జ్వరంతో వచ్చే తలనొప్పికి, అది డెంగీ కాదని తేలేదాకా, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టకూడదు, పారాసిటమాల్ ఒక్కటే. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని మనిషికి డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. సూది వేస్తే వెంటనే తగ్గుతుందని ఆర్‌ఎంపీ దగ్గరకు పరుగెత్తేవాళ్లకు వేసేది చాలాసార్లు ఈ జాతి మందే.

నెలకు నాలుగైదు రోజులు పని చెడగొట్టే నొప్పి వస్తుంటే, వచ్చాక తగ్గించడం కాక రాకుండా చూసే మందుల గురించి అడగాల్సిన సమయం వచ్చినట్టు. మన దగ్గర ఈ మందులు వాడవలసిన వాళ్లలో చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు. గుండెనొప్పి రోగులకిచ్చిన ప్రొప్రనొలాల్ వాళ్ల మైగ్రేన్‌ను కూడా తగ్గిస్తోందని 1966లో అనుకోకుండా బయటపడింది. నేటికీ అది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో మైగ్రేన్ నివారణకు ఉంది, ధర తక్కువ, ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరాదు. రాత్రిపూట చిన్న మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ మైగ్రేన్‌కూ టెన్షన్ తలనొప్పికీ పనిచేస్తుంది, నిద్రమత్తు, నోరెండిపోవడం దాని ఇబ్బందులు. మన డాక్టర్లు తరచుగా రాసే ఫ్లూనరిజిన్ ఒళ్లు పెంచుతుంది, పెద్దవయసువాళ్లలో వణుకు తెస్తుంది. వాల్‌ప్రొయేట్, టొపిరమేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి. రోజూ మందు వేసుకోవడం మళ్లీ బిళ్లల మీద బతకడమే కదా అంటే, ఇవి నొప్పి మందులు కావు, మళ్లీ మళ్లీ తలనొప్పి తెచ్చే కోవలోకి రావు. ఆరు నెలలో ఏడాదో వాడి మెల్లగా మానేయవచ్చు. ఇవి పనిచేస్తున్నట్టు తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టు లెక్క. పూర్తిగా పోతుందని ఆశించి, లెక్క రాసుకోక, మూడో వారంలో ఒకరోజు గట్టిగా నొప్పి రాగానే ఈ మందూ పనికిరాలేదని మానేసేవాళ్లు ఎందరో. పన్నెండు రోజులు ఆరయ్యాయని కాగితం మీద కనబడితే మానరు. సీజీఆర్‌పీ అనే నాడీ పదార్థాన్ని అడ్డుకునే సరికొత్త మందులు 2018 నుంచి వచ్చాయి, ఆ దారి కనిపెట్టిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. మన సామాన్యుల జేబుకు అవి ఇంకా దూరం.

మందులకు ముందు కారణాలు వెతికి మానుకోవాలి కదా అన్నది చాలామంది నమ్మకం. చాక్లెట్, చీజ్, పులుపు, వంకాయ, ఎండ, సెంటు వాసన ఇలా నిషేధాల పట్టిక పెరుగుతూ పోతుంది. ఇక్కడ ఆధారాలు మనం అనుకున్నంత గట్టివి కావు. డెన్మార్క్‌లో 2013లో, తమకు ఫలానా వెలుగు వల్లో శ్రమ వల్లో కళ్లముందు మెరుపులతో మైగ్రేన్ వస్తుందని చెప్పిన 27 మందిని తీసుకుని, సరిగ్గా వాటినే ప్రయోగించి చూశారు. ఆ రకం మైగ్రేన్ ముగ్గురికే వచ్చింది. మైగ్రేన్ నొప్పికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ముందురోజే, మెదడులో మార్పు మొదలవుతుంది. ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీదకు మనసు పోవడం, వెలుగు చిరాకు పెట్టడం అప్పటి లక్షణాలు. తీపి తిన్నందుకు నొప్పి వచ్చిందనుకునేది చాలాసార్లు, రాబోయే నొప్పి తీపి తినిపించడం. అలాగని బయటి కారణాలే లేవనడం కూడా తప్పు. తిండి మానడం గట్టి కారణం. యూదుల ఉపవాస దినాన ఇజ్రాయెల్ ఆస్పత్రి సిబ్బందిని చూసిన అధ్యయనంలో ఉపవాసమున్నవాళ్లలో 39 శాతానికి, ఉండనివాళ్లలో 7 శాతానికి తలనొప్పి వచ్చింది. ఏకాదశికీ శనివారానికీ రంజాన్‌కూ ఇది వర్తిస్తుంది. రోజూ కాఫీ టీలు ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే ఒక రోజులోపు తల పట్టేసి, వారం దాకా వేధించవచ్చు. బోస్టన్‌లో ఏడు వేల మంది ఆస్పత్రి రోగుల వివరాలు చూస్తే, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగినప్పుడల్లా మరుసటి రోజు తలనొప్పితో వచ్చేవాళ్ల అవకాశం 7 శాతానికి పైగా పెరిగింది. 44 డిగ్రీల రెంటచింతలకో రామగుండానికో ఆ లెక్కను నేరుగా అన్వయించలేం గానీ, ఎండకు పాత్ర ఉందన్నంతవరకు నమ్మవచ్చు.

మన దేశపు వైద్య సాహిత్యంలోంచే వచ్చిన కారణం ఒకటుంది: తలస్నానం. ముంబైకి చెందిన తలనొప్పి నిపుణుడు కె. రవిశంకర్ 2006లో, తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి రాసేదాకా పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు దీన్ని పట్టించుకోలేదు. ఒత్తైన పొడవు జుట్టు గంటల తరబడి తడిగా ఉండటం మన ఆడవాళ్లకు తెలిసిన విషయమే. ఒక పండగరోజును దగ్గరగా చూడండి. ముందురాత్రి పిండివంటలతో నిద్ర ఆలస్యం, తెల్లవారుజామునే కుంకుడుకాయ తలస్నానం, తడి జుట్టు చివర ముడి వేసుకుని పొయ్యి దగ్గర నిలబడటం, పూజయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకపోవడం, సాంబ్రాణి పొగ, మధ్యాహ్నం రెండింటికి విస్తరి ముందు కూర్చోవడం. సాయంత్రానికి తల పగిలిపోతుంటే బొబ్బట్టు పడలేదని అంటారు. ఇందులో ఏ ఒక్కటీ విడిగా అందరికీ నొప్పి తేదు. నిద్ర, తిండి, నీళ్లు, చల్లదనం, పొగ అన్నీ ఒకేరోజు మారడమే మైగ్రేన్ మెదడు తట్టుకోలేనిది. అందువల్ల మానుకోవలసిన పట్టిక పెంచడం కన్నా వేళలు తప్పకుండా చూడటం మేలు. తలస్నానం ముందురోజు పగటిపూట చేసి జుట్టు బాగా ఆరబెట్టుకోవడం, పూజకు ముందు పాలో పండో తీసుకోవడం ఏ ఆచారానికీ అడ్డు కాదు.

వేళలతో పాటు ఒంటిని కదిలించడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. స్వీడన్‌లో 2011లో 91 మంది మీద చేసిన ప్రయోగంలో వారానికి మూడుసార్లు 40 నిమిషాల వ్యాయామం, విశ్రాంతి శిక్షణ, టొపిరమేట్ మందు మూడింటి ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసి 2020లో ప్రచురించిన ప్రయోగంలో మందులతో పాటు యోగా చేసిన మైగ్రేన్ రోగులకు మూడు నెలల్లో నొప్పులు దాదాపు సగానికి తగ్గాయి, మందులు మాత్రమే వాడినవాళ్లలో 12 శాతం తగ్గాయి. యోగా చేస్తున్నామని చేసేవాళ్లకు తెలుస్తుంది కాబట్టి ఆ నమ్మకం వాటా ఎంతో విడదీయలేం, ముగించినవాళ్లు 114 మందే. అయినా హాని లేని, ఖర్చు లేని మార్గానికి ఈ మాత్రం ఆధారం సరిపోతుంది. నీళ్ల గురించి ప్రచారమైనంత ఆధారం లేదు. నెదర్లాండ్స్‌లో రోజుకు అదనంగా లీటరున్నర తాగించి చూస్తే తాగినవాళ్లు బాగున్నట్టు చెప్పారు గానీ నొప్పి రోజులు తగ్గలేదు. దాహానికి సరిపడా తాగాలి, ఎండలో పనిచేసేవాళ్లు మరింత తాగాలి, బలవంతంగా బిందెలు తాగనక్కర్లేదు.

ఇంటి వైద్యాన్ని కొట్టిపారేసే చదువుకున్నవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం నాలుగు తరాలుగా తెలుగువాళ్ల నుదుటి మీద ఉంది. అలాంటి లేపనాల్లో ఉండే మెంథాల్ చర్మంలోని చల్లదనపు నాడులను తడుతుంది. జర్మనీలో 1996లో వెలువడిన ప్రయోగంలో పది శాతం పుదీనా తైలం కణతలకు రాస్తే టెన్షన్ తలనొప్పి పారాసిటమాల్ వేసుకున్నంతగా తగ్గింది. అక్కడ వాడిన తైలమూ మన డబ్బాలోని లేపనమూ ఒకటి కావు, కాబట్టి అంతే ఫలితం ఖాయమని చెప్పలేం. కానీ నా దృష్టిలో వీటి అసలు విలువ వేరు. లేపనం రాసుకుని, తలకు గుడ్డ కట్టుకుని, చీకటి గదిలో గంట పడుకోవడంతో తగ్గిపోయిన నొప్పి బిళ్లల రోజుల లెక్కలో చేరదు. పది రోజుల హద్దుకు దగ్గరవుతున్నవాళ్లకు అలాంటి ప్రతి రోజూ విలువైనదే. శొంఠి పట్టు మంట పుట్టి చర్మం పొక్కేదాకా ఉంచకూడదు. కర్పూరమున్న లేపనాలు పసిపిల్లలకు ఫిట్స్ తెప్పించగలవు కాబట్టి వాళ్లకు రాయకూడదు.

లెక్కల మీద ఆధారపడితే ప్రాణం తీసే జబ్బు తప్పిపోదా అన్న భయం సహేతుకమైనది. కొన్ని తలనొప్పులకు రోజుల లెక్క అస్సలు వర్తించదు, మొదటిరోజే ఆస్పత్రికి వెళ్లాలి. క్షణాల్లో పిడుగులా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకున్న నొప్పి, మాట తడబడటం, చెయ్యి కాలు పడిపోవడం, ఫిట్స్, చూపు మసకబారడం, తలకు దెబ్బ తగిలాక పెరుగుతున్న నొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పి ఈ కోవలోవి. మన రాష్ట్రాలకు ప్రత్యేకంగా గుర్తు చేయవలసింది బాలింత తలనొప్పి. కాన్పు తర్వాత వారాల్లో మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు ఈ జబ్బుతో వచ్చిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు, వాళ్లలో అందరికన్నా ఎక్కువమందికి కనిపించిన లక్షణం తలనొప్పే. వచ్చినవాళ్లలో బాలింతలే కాదు, మగవాళ్లూ చాలామంది ఉన్నారు. కొన్ని ఇళ్లలో బాలింతకు నీళ్లు తక్కువిచ్చే అలవాటు ఇంకా ఉంది. ఒంట్లో నీరు తగ్గితే రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. చలిచేసిందనో గాలి సోకిందనో ఆ తలనొప్పిని ఇంట్లో ఉంచితే ప్రాణం మీదకు వస్తుంది. అలాగే కళ్లముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చే ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఇవేవీ లేకుండా, ఏళ్లుగా ఒకే తీరున వస్తున్న మైగ్రేన్‌లో, పరీక్షలో నరాలన్నీ సరిగా ఉంటే, స్కానింగులో ప్రమాదకరమైనది బయటపడేది వెయ్యికి ఇద్దరికి. మిగతావాళ్లు స్కానింగుకు పెట్టే వేల రూపాయలతో ఏడాదిపాటు నివారణ మందులు కొనవచ్చు.

రోజూ రాసుకుంటూ కూర్చుంటే ధ్యాసంతా నొప్పి మీదే ఉండి ఇంకా ఎక్కువవుతుందని కొందరంటారు. తిన్నదీ తాగినదీ, గంటగంటకూ నొప్పి ఎన్ని మార్కులో రాసే పొడవాటి డైరీల విషయంలో ఆ మాట నిజం కావచ్చు. ఇక్కడ కావలసింది అంత కాదు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో పాలవాడి లెక్క రాసే గడిలోనే నొప్పి ఉన్న రోజు ఒక చుక్క, బిళ్ల వేసుకుంటే ఒక గీత. నెలాఖరున చూసేది రెండు అంకెలు. గీతలు ఎనిమిది దాటుతుంటే, అంటే వారానికి రెండు మించుతుంటే, బిళ్లలు తగ్గించుకోవడం మొదలుపెట్టాలి. చుక్కలు నాలుగైదు దాటి పని చెడుతుంటే నివారణ మందు గురించి అడగాలి, పదిహేనుకు చేరుతుంటే నరాల డాక్టరుకు చూపించుకోవాలి. చదువురాని ఇంట్లోనూ ఈ చుక్కా గీతా పెట్టగలరు. బీపీ, షుగర్ చూసే బస్తీ దవాఖానాల్లో, విలేజ్ క్లినిక్కుల్లో నర్సు, నెలలో ఎన్ని రోజులు తల నొచ్చింది, ఎన్ని రోజులు బిళ్ల వేసుకున్నారు అన్న రెండు ప్రశ్నలు కలిపి అడగడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ ఆ స్థాయి డాక్టరు రాయగల మందులే. మెడికల్ షాపువాళ్లు కూడా, నెలలో నాలుగోసారి అదే బిళ్లకు వచ్చిన మనిషిని ఒక్క మాట అడిగి డాక్టరు దగ్గరకు పంపగలరు.